కొత్త మాట ఆగిన చోటు

మొన్న సాయంత్రం మా అన్నయ్య కూతురు తన పరిశోధన గ్రంథంలోని ఒక అధ్యాయాన్ని నా ఫోనుకు పంపి, అత్తా, నువ్వు ఆ రోజుల్లో ఇదే పని చేశావుగా, ఎంతమందిని అడిగితే సరిపోతుందో నువ్వు చెప్పు, మా గైడు గారు డజను మంది చాలంటున్నారు, నాకేమో ధైర్యం చాలడం లేదు అని రాసింది. కళ్ళజోడు సవరించుకుని, అక్షరాలు పెద్దవి చేసుకుని చదవడం మొదలుపెట్టాను. తలలు లెక్కపెట్టే సర్వేకూ, కూర్చుని మనుషుల మనసులో మాట వినే ఈ పద్ధతికీ తేడా ఏమిటో, ఎవరిని ఎంచుకోవాలో, ఎక్కడ ఆపాలో, అన్నీ పొందికగా రాసుకొచ్చింది. పిల్ల తెలివైనదే. రెండో పేజీకి వచ్చేసరికి మాత్రం నా వేలు కదలలేదు. తూర్పు కనుమల గిరిజన గ్రామాల్లో చాలా ఏళ్ళ కిందట జరిగిన ఒక అధ్యయనంలో కొద్దిమందిని అడిగేసరికే కొత్త మాటలు రావడం ఆగిపోయిందనీ, చిన్న శాంపిల్ సరిపోతుందనడానికి అదొక చక్కని ఉదాహరణ అనీ, ఎవరో పాఠ్యపుస్తకంలో రాసినదాన్ని తను ఎత్తి రాసుకుంది. ఆ అధ్యయనం మాది. ఆ కొద్దిమందిని అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఒళ్ళు మండిపోయింది. పిల్ల మీద కాదు, దానికేం తెలుసు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సంగతి ఎక్కడో పిల్లలకు పాఠమై బతుకుతోందని తెలిసినందుకు మండింది. ఆ పాఠం వెనకాల ఏం జరిగిందో ఏ పుస్తకంలోనూ లేదు కనుక, నా ఈడు వాళ్ళు కొందరైనా చదువుతారనే ఆశతో ఇక్కడ చెబుతున్నాను.

మా నాన్నది సాలూరు అవతల మెట్ట పల్లెల్లో సేద్యం చేసుకునే కుటుంబం. వరసగా వానలు మొహం చాటేస్తే, నలుగురు బంధువులు వెళ్ళిన దారినే తనూ కొండెక్కి, హుకుంపేటలో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు, దువ్వెనలు, అద్దాలు, దారపు ఉండలు, ఇవీ మా సరుకు. సంత రోజున తెల్లవారుతూనే కొండ మీది ఆడవాళ్ళు పసుపు కావిళ్ళూ, పిప్పళ్ళ మూటలూ, అడ్డాకుల కట్టలూ, కొండచీపుళ్ళూ ఎత్తుకుని వరసలు వరసలుగా దిగేవారు. ఏజెన్సీలో పెరిగిన నా తోటివాళ్ళకు ఆ వాసన గుర్తుండే ఉంటుంది, పచ్చి పసుపూ ఎండుచేపా తడి గోనెసంచీ కలిసిన వాసన. తర్వాత నేను ఎన్ని ఊళ్ళు తిరిగినా అలాంటిది మళ్ళీ నా ముక్కుకు తగల్లేదు. ఆ సంతలోనే, నాన్న తూకం వేస్తుంటే పక్కన కూర్చుని, బడికి వెళ్ళకముందే నేను కొండ ఒడియా నేర్చుకున్నాను.

మా అమ్మకు కొండ మీది ఊరిలో ఒకావిడతో నేస్తం కట్టించారు. ఆ వైపు నేస్తమంటే ఉత్త స్నేహం కాదు. పెద్దల ఎదుట ఒకరికొకరు పసుపు పూసుకుని బట్టలు పెట్టుకుంటే, ఇక చచ్చేదాకా ఒకరినొకరు పేరుతో పిలవరు, ఒకరింటి పెళ్ళికీ చావుకీ రెండోవారు సొంత మనిషిలా నిలబడతారు. వాళ్ళ స్నేహం చూసి మాకూ ముచ్చటేసి, ఆవిడ కూతురూ నేనూ గౌన్లు తొడుక్కునే వయసులోనే నేస్తం కట్టుకున్నాం. సంత రోజున ఆ పిల్ల మా కొట్టు అరుగు మీద కూర్చుని నా పలక మీద బొమ్మలు గీసేది, నేను దాని మూటలోని సీతాఫలాలు ఖాళీ చేసేదాన్ని. నేను చదువుకని విశాఖపట్నం వెళ్ళిపోయాను. తను పెళ్ళి చేసుకుని, గెడ్డ అనే కొండవాగు దాటి ఇంకా పైనున్న ఊరికి, అక్కడి ఊరి పెద్దకు కోడలై వెళ్ళింది. వర్షాకాలంలో ఆ గెడ్డ పొంగితే పై ఊళ్ళవాళ్ళు సంతకు రావడమే మానుకునేవారు.

ఎం.ఏ. అయ్యాక నాకు ఒక పరిశోధన సంస్థలో క్షేత్ర పరిశోధకురాలిగా ఉద్యోగం వచ్చింది. కొండ భాష వచ్చిన చదువుకున్న ఆడపిల్ల దొరకడం కష్టం గనక తీసుకున్నారే తప్ప నా మార్కులు చూసి కాదు. చేరిన కొత్తలోనే ఈ అధ్యయనం మొదలైంది. కొండ మీది ఊళ్ళలో రేకుల గదుల్లో నర్సమ్మలు ఉండేవారు, పురుళ్ళు పోసేవారు, పిల్లలకు సూదులు వేసేవారు. ఆ గదులు ఎత్తివేసి నర్సమ్మలందరినీ కింద సంత ఊళ్ళోని ఆసుపత్రికి తెచ్చేస్తే ఎలా ఉంటుందని పైవాళ్ళకు ఆలోచన వచ్చింది. దానికి కొండవాళ్ళేమంటారో తెలుసుకుని చెప్పమని మా సంస్థను అడిగారు. అంటే మేము తెచ్చే మాటను బట్టి నర్సమ్మ కొండ మీద ఉండడమో దిగిపోవడమో తేలుతుందన్నమాట. నా నేస్తం ఊళ్ళోనూ అలాంటి గది ఒకటి ఉంది. అప్పటికే తను ఒక కాన్పు పోగొట్టుకుని, మళ్ళీ కడుపుతో ఉందని వాళ్ళమ్మ సంతలో చెప్పింది.

మా పెద్ద సారు గురించి చెడ్డగా రాయాలని ఎంత ఉన్నా రాయలేకపోతున్నాను, అదే నాకు ఇంకా కోపం. ఆయన తన సంచీ తనే మోసుకునేవాడు, ఫ్లాస్కులో టీ ముందు మాకు పోసి తర్వాత తాగేవాడు, ఏ ఊరికెళ్ళినా చెప్పులు విడిచి కూర్చునేవాడు. ఎంతమందిని అడగాలన్నది ముందుగా తేల్చుకోకూడదు, అడుగుతూ పోవాలి, ఎక్కడైతే విన్నదే మళ్ళీ వినబడుతుందో అక్కడ ఆపాలి, దాన్నే సాచురేషన్ అంటారు అని జీపులో మాకు ఓపికగా పాఠం చెప్పాడు. ఆ మాట తప్పని నేను ఇప్పటికీ అనను. ఊరికి వెళ్ళగానే ముందు ఊరి పెద్దను కలవాలి, ఆయన అనుమతితో ఆయన చూపించిన వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, వాళ్ళు చెప్పిన మరొకరి దగ్గరికి పోవాలి, గిరిజనులను గౌరవించడమంటే అదీ అని కూడా చెప్పాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి.

కొండ మీద బయటివాళ్ళకు జవాబు చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. అటవీ గార్డు వచ్చి పోడు ఎవరు కొట్టారని అడిగినా, సారా పట్టేవాళ్ళు వచ్చి కుండ ఎవరిదని అడిగినా, ముందు ఊరి పెద్ద ఒక మాట చెబుతాడు. ఆ తర్వాత పసిపిల్ల దగ్గర్నుంచి పండు ముసలి దాకా ఎవరిని అడిగినా అదే మాట. దాన్ని అబద్ధమనకండి. తరతరాలుగా కాగితాలు పట్టుకుని వచ్చిన ప్రతివాడి వల్లా ఏదో ఒకటి పోగొట్టుకున్న మనుషులు, ఊరు చీలిపోకుండా కాపాడుకోవడానికి పెట్టుకున్న కట్టడి అది. పెద్ద చెప్పాక వేరే మాట అన్నవాళ్ళు ఊరిని అమ్మేసినట్టే లెక్క. ఇదే మనుషులు విడివిడిగా మా కొట్టు దగ్గర మూట దించుకుని కూర్చుంటే మొగుడి మీదా, అత్త మీదా, సవతి మీదా, ఒక్కొక్కరూ ఒక్కో భారతం విప్పేవారు. కూరలో ఉప్పెంత వేయాలన్న దాని మీద కూడా ఇద్దరికి పొత్తు కుదిరేది కాదు.

మేము నా నేస్తం ఊరికి వెళ్ళేసరికి తన మామగారు, అంటే ఆ ఊరి పెద్ద, ఊరి నడుమ రాళ్ళు పేర్చిన చోట నలుగురితో కూర్చుని ఉన్నాడు. సారు చెప్పులు విడిచి, నమస్కారం పెట్టి, ఎందుకొచ్చామో నాచేత చెప్పించాడు. పెద్ద లేచాడు. పక్కనున్న ఇద్దరు ముగ్గురిని తీసుకుని చింతచెట్టు అవతలకు వెళ్ళి, ఏదో మాట్లాడుకుని, తిరిగి వచ్చి కూర్చున్నాడు. మేము ఆడవాళ్ళ సంగతి అడగడానికి వచ్చామని వినబడి, పనుల్లో ఉన్న ఆడవాళ్ళంతా కూడా అప్పటికి చుట్టూ చేరారు. వాళ్ళందరూ వింటూ ఉండగా ఆయన తెలుగులోనే జవాబు చెప్పాడు.

“మా ఊరంతటిదీ ఒకటే మాట. మా ఆడోళ్ళు కిందనున్న పెద్దాసుపత్రికే వత్తారు.”

సారు సంతోషంగా రాసుకున్నాడు. ఆ తర్వాత ఆడవాళ్ళను విడిగా కూర్చోబెట్టి నన్ను అడగమన్నాడు, మగవాళ్ళ ఎదుట చెప్పలేనివి ఉంటాయి గదా అని ఆయన జాగ్రత్త. కూర్చోబెట్టాను. అడిగాను. మొదటి ఆవిడ పెద్దాసుపత్రికే వస్తామంది. రెండో ఆవిడా అంతే. ముసలి మంత్రసానిని అడిగితే, తన చేతుల మీదుగా ఆ ఊరు సగం పుట్టి ఉంటుందేమో, ఆవిడ కూడా నేల చూసుకుంటూ అదే మాట చెప్పింది. నా నేస్తం గోడకు ఆనుకుని కూర్చుని, అప్పుడప్పుడే తెలుస్తున్న పొట్ట మీద చేయి వేసుకుని, తన వంతు వచ్చినప్పుడు నా మొహంలోకి చూడకుండా అదే అంది. పొరుగున ఉన్న రెండు గూడేల్లోనూ ఇలాగే జరిగింది. మేము దిగిన బంగళాకు తిరిగి వచ్చాక సారు మొహం వెలిగిపోతోంది. ఇంత బేగి సాచురేషన్ రావడం తన అనుభవంలో లేదని, త్వరగా అనడానికి సరదాకు మా ఉత్తరాంధ్ర మాట వాడి మరీ మురిసిపోయాడు. మిగిలిన ఊళ్ళు తిరగాల్సిన పని లేదని ఆయన అంటుంటే నేను మాత్రం ఆ రోజు రాసుకున్న కాగితాలు మళ్ళీ ముందు పరుచుకున్నాను. అన్ని నోళ్ళలో ఒకే వాక్యం, పదం కూడా మారకుండా, ఆసుపత్రి అన్నచోట ఆసుపత్రి, పెద్ద అన్నచోట పెద్ద. మా కొట్టు అరుగు మీద గార్డులకు చెప్పే జవాబులు ఎన్ని వినలేదు నేను.

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా మళ్ళీ ఆ ఊరికి నడిచి వెళ్ళాను. నా నేస్తం గెడ్డ ఒడ్డున పసుపు కొమ్ములు కడుగుతోంది. నేనూ పక్కనే కూర్చుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, కొమ్ములకు అంటిన మట్టి తోమడం మొదలుపెట్టాను. చాలాసేపు వాళ్ళమ్మ సంగతీ మా అమ్మ సంగతీ మాట్లాడుకున్నాం. తర్వాత నేను అడిగాను, నిన్న నువ్వన్న మాట నిజమేనా అని. తను చుట్టూ చూసింది. మామగారు చింతచెట్టు అవతల ఏం మాట్లాడాడో అప్పుడు చెప్పింది. నర్సమ్మ కొండ మీద ఉన్నంతకాలం ఇక్కడ రోడ్డు అక్కర్లేదంటారు, ఆసుపత్రి కిందికి పోతే ఆడవాళ్ళను దించడానికైనా రోడ్డు వేయక తప్పదు, కాబట్టి కిందికే వస్తామందాం అని వాళ్ళ ఎత్తు. పిచ్చివాళ్ళ ఎత్తు కాదు. అయితే రోడ్డు వచ్చేదాకా మధ్యలో గెడ్డ ఉంటుందనీ, కడుపులు ఆగవనీ ఆడవాళ్ళను అడిగి ఉంటే చెప్పేవారు. వాళ్ళను ఎవరూ అడగలేదు, ఊరి పెద్దా అడగలేదు, మేమూ అడగలేదు. మేము అడిగింది ఊరి మాటను.

“మావ సెప్పింది ఊరి మాట నేస్తం, దాన్ని నాను కాదన్ను. నువ్వు అడిగినావు గనక నా మాట సెప్తన్నాను. నర్సమ్మని కొండ దించకండి. ఎనకటి కాన్పుకి నాను బతికున్నానంటే ఆ తల్లి సేతి సలవే.”

ఇంకెవరెవరు ఇలా అనుకుంటున్నారని అడిగితే, ఊరిని అమ్మమన్నట్టు చూసి, ఆడవాళ్ళు మాట్లాడుకోవడం అయితే మాట్లాడుకుంటారు గాని కాగితం ముందు చెప్పరు అంది. నా మాట మటుకు రాయి అంది. రాస్తానన్నాను. రాశాను కూడా, తన మాట తన మాటగానే.

ఆ సాయంత్రం సారుతో తగవు పడ్డాను. ఉద్యోగంలో చేరి ఏడాది తిరగని పిల్లకు అంత నోరెక్కడిదని ఇప్పటికీ నాకే ఆశ్చర్యం. మనం వింటున్నది అందరి మాట కాదు, ఒక్కడి మాటే అందరి నోళ్ళలోంచి వింటున్నాం అన్నాను. ఇకమీదట వెళ్ళే ఊళ్ళలో పెద్ద దగ్గరికి ముందు వెళ్ళవద్దు, ఆడవాళ్ళను నీళ్ళ దగ్గరా పసుపు దగ్గరా ఒంటరిగా దొరికినప్పుడు నేను మాట్లాడతాను, అదీ ఎవరు చూపిస్తే వాళ్ళను కాదు, కాన్పు పోగొట్టుకున్నవాళ్ళను, తొలిచూలువాళ్ళను, వేరే ఊళ్ళ నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళను, వానాకాలంలో గెడ్డ అవతల చిక్కుకుపోయేవాళ్ళను మనమే వెతికి ఎంచుకుందాం అని బతిమాలాను. ఆయన శాంతంగా విన్నాడు. ఊరి పెద్దను కాదని ఆడవాళ్ళను చాటున అడగడం నైతికం కాదన్నాడు. గిరిజన సమాజంలో వ్యక్తి కంటే సముదాయానిదే మాట అని, దాన్ని మన పట్నపు కళ్ళతో చూడకూడదని నాకే చెప్పాడు, సంతలో పుట్టి పెరిగిన నాకు. నా నేస్తం మాట చదివి, కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు.

“ఒక్క గొంతు పరిశోధన కాదమ్మా. అది నీ స్నేహం.”

అయినా నా తృప్తి కోసమని ఇంకొన్ని ఊళ్ళు చూద్దామన్నాడు. పద్ధతి మారదు, ఊళ్ళు పెరుగుతాయి, అంతే. ఈలోగా మధ్యలో సంత వచ్చింది. సంత అంటే కొనుక్కోవడం అమ్ముకోవడం అనుకుంటారు మన మైదానపు వాళ్ళు. కొండవాళ్ళకు అదే కచేరీ, అదే వార్తల పత్రిక. ఆ రోజు జీలుగు కల్లు కుండల దగ్గర పై ఊళ్ళ పెద్దలంతా కూర్చున్నారు, ఆసుపత్రి కిందికి పోతే రోడ్డు వస్తుందన్న మాట ఒక ఊరి నుంచి మరో ఊరికి పాకిపోయింది. ఆ తర్వాత మేము ఏ ఊరికి వెళ్ళినా, చెప్పులు విడిచీ విడవక ముందే అదే వాక్యం ఎదురొచ్చింది. ఇంకో పది ఊళ్ళు తిరిగినా, ఇంకో వందమందిని అడిగినా అదే వచ్చేది. బావి మార్చకుండా చేదలు పెంచితే నీళ్ళ రుచి మారుతుందా. సారు నా వైపు చూసి, గెలిచానన్న గర్వం లేకుండా, పాపం నా మీద జాలిగా నవ్వాడు. ఆ జాలిని నేను ఇంతవరకూ క్షమించలేదు.

నివేదిక తయారైంది. నా నేస్తం మాట అందులో చివరి పేజీల్లో అడుగున చిన్న అక్షరాల్లో, ఒక మహిళ మాత్రం భిన్నాభిప్రాయం తెలిపింది అని పడింది. రోడ్డు మాట మాత్రం ఎక్కడా లేదు, ఎందుకంటే మా ప్రశ్నల్లో రోడ్డు లేదు. కొండవాళ్ళు దేనికోసమైతే ఆ జవాబు చెప్పారో అది తప్ప జవాబంతా ఉంది. వేసవి పోకముందే నర్సమ్మ తన పెట్టె మోయించుకుని కొండ దిగింది. రేకుల గదికి తాళం పడింది. ఆ తాళం చూసి నా నేస్తం ఏమనుకుందో నాకు తెలియదు, నేనప్పటికి విశాఖలో ఇంకో అధ్యయనానికి ప్రశ్నలు టైపు చేయిస్తున్నాను.

ఆ వానాకాలంలో ఏం జరిగిందో చెప్పడానికి నాకు ఎక్కువ మాటలు అక్కర్లేదు. నా నేస్తానికి నొప్పులు మొదలైన రోజు గెడ్డ పొంగింది. డోలీ కట్టి, నీళ్ళు తీసేదాకా ఒడ్డున వానలో కూర్చోబెట్టి, తగ్గాక దాటించారు. డోలీ బొంగుకు భుజం పెట్టినవాళ్ళలో ఆ ఊరి పెద్ద కూడా ఉన్నాడట, ఆ వయసులో, ఎవరు వద్దన్నా వినకుండా. కింద ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ లేదు. మగపిల్లవాడు. తల్లి బతికింది గాని ఇక పిల్లలు పుట్టరని చెప్పి పంపేశారు. ఏడాది తిరిగాక ఆ ఇంటికి మరో కోడలు వచ్చింది. దాన్ని కూడా ఎవరూ తప్పనలేదు, నా నేస్తమే దగ్గరుండి సవతి కాళ్ళకు పసుపు రాసిందని విన్నాను.

సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు అమ్మ నేస్తం, అంటే నా నేస్తం తల్లి, సంతకు దిగింది. ఎప్పుడూ మా అరుగు ఎక్కి, కాళ్ళు చాపుకుని, అమ్మ ఇచ్చిన టీని గ్లాసు చేత్తో తిప్పుతూ ఊదుకుని తాగే మనిషి, ఆ రోజు కింద నిలబడే ఉంది. నేను దగ్గరికి వెళ్ళి ఏదో అనబోయాను.  ఆవిడ గొంతు పెంచకుండానే అంది.

“మీరడక్క ముందర మాకు నర్సమ్మ ఉండీది.”

అంతే అని, చీపుళ్ళ కట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. నేను తగవు పడ్డానని, రాశానని, ఉద్యోగం పోయినా సరేనని నోరు చేసుకున్నానని ఆవిడకు ఎలా చెప్పను. చెప్పినా ఏం లాభం. జీపులో వచ్చినవాళ్ళలో ఎవరు ఎవరితో పోట్లాడారో కొండకు అక్కర్లేదు. అదే సంతలో కాస్త దూరంలో ఆ ఊరి పెద్ద కనిపించాడు. బాగా ఒంగిపోయాడు. నన్ను చూసి లేచి వచ్చి, మనవడి మాట ఎత్తలేదు, కోడలి మాట ఎత్తలేదు, రోడ్డు మాట రాసినారా అని అడిగాడు. నేను తల దించుకుని నాన్న కొట్టులోకి వచ్చేశాను. విశాఖ వెళ్ళి సారుకు అంతా చెప్పాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు నిజమైనవే. చాలా విచారకరం, అయినా అధ్యయనంలో పద్ధతి ప్రకారం లోపం లేదు అన్నాడు. అది కూడా ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను ఆ సంస్థ మానేసి కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి వెళ్ళిపోయాను, ఆయన ఆ వ్యాసంతో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అదే ఇప్పుడు మా పిల్ల అధ్యాయంలోకి ఎక్కింది.

కిందటేడు చలికాలంలో, మా వారు పోయాక మొదటిసారి, ఆ వైపు వెళ్ళాను. ఆ ఊరికి ఇప్పుడు తారు రోడ్డుంది. గెడ్డ మీద వంతెన ఉంది. కాఫీ తోటల్లో ఫోటోలు దిగడానికి విశాఖ నుంచి వచ్చే కుర్రకారు కోసం ఊరి మొదట్లో గుడారాలు వేశారు, వెదురు బొంగులో కోడిమాంసం కాల్చి అమ్ముతున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళను నెలలు నిండగానే కింద ఉంచుకునే ఇల్లు కూడా కట్టారట. నా నేస్తం ఇంటి ముందు ఎండలో రాజ్‌మా గింజలు ఏరుతూ కూర్చుని ఉంది. జుట్టంతా నెరిసిపోయింది. నన్ను గుర్తుపట్టింది, లేచి పీట వేసింది, లోపలికి వెళ్ళి సవతి కొడుకు భార్యకు చెప్పి టీ పెట్టించింది, నా మోకాళ్ళ నొప్పుల గురించి అడిగింది. మర్యాదకు ఏ లోపమూ చేయలేదు. ఆ ఇంట్లో పిల్లలు తనను పెద్దవ్వ అంటున్నారు, ఒక చిన్నది వీపు మీద వాలి జడ పీకుతోంది. అది చూసి నాకు ధైర్యం వచ్చి, కొండ ఒడియాలో, ఎలా ఉన్నావు, నిజంగా ఎలా ఉన్నావు అని అడిగాను.

తను గింజలు ఏరడం ఆపలేదు. జవాబు తెలుగులో చెప్పింది, నెలనెలా ట్యాబ్‌లు పట్టుకుని వచ్చే సర్వే పిల్లలకు చెప్పే తెలుగులో.

“అంతా బాగున్నాది. రోడ్డు ఉన్నాది, అంబులెన్సు ఉన్నాది. ఏ లోటూ లేదు.”

ఊరి పెద్ద ఎప్పుడో పోయాడు. పక్కన వినేవాళ్ళు లేరు. నా చేతిలో కాగితం లేదు. టీ తాగేసి, చిన్నదాని చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టి, వస్తానని చెప్పి లేచాను. తను రోడ్డు దాకా వచ్చి సాగనంపింది, ఎండుతున్న గింజల మీద కాకి వాలితే అదిలించుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది.

ఇప్పుడు కొండ మీద ప్రతివాళ్ళూ అడిగేవాళ్ళే. రేషను ఎలా ఉందని అడుగుతారు, బడి ఎలా ఉందని అడుగుతారు, అడిగినట్టు ఫోటో తీసుకుని పోతారు. అడిగిన ప్రతివాళ్ళకీ జవాబు దొరుకుతోంది, ఎవరి శాంపిలూ నిండకుండా పోవడం లేదు. మా రోజుల్లో రోడ్డు లేదు, వంతెన లేదు, డోలీల్లో మనుషులు పోయేవారు, ఆ కాలం మళ్ళీ రావాలని ఏ కొంచెం బుద్ధి ఉన్నవాళ్ళూ కోరుకోరు. అయినా ఆ కాలంలో గెడ్డ ఒడ్డున పసుపు కడుగుతూ ఒక మనిషి చుట్టూ చూసుకుని నాతో నిజం చెప్పింది. అది ఒక్కరి మాటే గనక సరిపోదన్నారు. ఆ తర్వాత ఆవిడ నాతో తన మాట మళ్ళీ చెప్పలేదు.